చివరి ఇంటి టీకా

ఈ ఉద్యోగంలో నాకు తెలిసినదాంట్లో కొంత శిక్షణలో నేర్చుకున్నాను. మిగతాది ఒక మనిషి మీద కుళ్లుతో నేర్చుకున్నాను. ఆ మనిషి పేరు నర్సిమ్మ. ఇప్పటికీ దేవరకొండ తాలూకాలో మశూచి టీకాలు వేస్తున్నాడు. నేను మానేశాను.

ముప్పై ఆరేళ్లకే విరమించినవాడు అనుభవాలు రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. జీపు బోల్తాపడి నా కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ పోయింది. స్పర్శ లేని చేత్తో టీకా వేయకూడదు. పరికరం చర్మంలోకి ఎంత దిగిందో వేళ్లకు తెలియాలి, కంటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పరవాలేదు, ఉండమని పైవాళ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు శిక్షణకు వచ్చే కుర్రవాళ్లకు పాఠాలు చెబుతున్నాను.

మందు ఎలా నిలవచేయాలి, చేతిని ఎలా శుభ్రం చేయాలి అనేవి మీ పుస్తకాల్లో ఉన్నాయి. మీరు వెళ్లే ఊరికి మీకంటే ముందే తుపాకులు వెళ్లి ఉంటే ఏం చేయాలో వాటిలో లేదు. అది రాస్తాను. రాస్తే నర్సిమ్మ గురించి రాయక తప్పదు. ఆయన గురించి న్యాయంగా రాయడానికి ప్రయత్నిస్తాను. అది నాకు అంత తేలిక కాదు.

ఖాకీ చొక్కా

నేను చేరింది యాభైల మొదట్లో. పోలీసు యాక్షన్ అయిపోయింది, నిజాం పాలన పోయింది, గొడవ మాత్రం పోలేదు. దేవరకొండకు దక్షిణాన గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు ఉండేవి. గుట్టల కింది ఊళ్లలో పోలీసు క్యాంపులు ఉండేవి. జ్వరం వచ్చినవాడు దవాఖానకు రావాలంటే క్యాంపు ముందు నుంచి రావాలి. అందుకని రాడు. కాలికి ముల్లు గుచ్చుకున్నవాడు కట్టు కట్టించుకుంటే అది తూటా గాయమేమోనని విప్పి చూసేవారు. అందుకని కట్టించుకోడు. మేము మాత్రం ఊరూరా తిరిగి టీకాలు వేయాలి.

నేను హైదరాబాదులో శానిటరీ ఇన్‌స్పెక్టరు శిక్షణ పూర్తిచేసి వచ్చాను. పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. నా కింద టీకాలు వేసేవాడిగా నర్సిమ్మను ఇచ్చారు. చిట్యాల దగ్గరి మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద, ఉర్దూ బడిలో ఏడో తరగతి. చేతులు కడుక్కోమంటే కడుక్కుంటాడు, మళ్లీ చెప్పేదాకా రెండోసారి కడుక్కోడు. టీకా వేస్తే నాలుగు గాట్లు నాలుగు దిక్కులు చూస్తాయి. మొదటి వారంలోనే ఇతన్ని బాగుచేయాలని అనుకున్నాను.

ఆ నెలలోనే గుట్టల మధ్య దారిలో ముగ్గురు మనుషులు మమ్మల్ని ఆపారు. చేతుల్లో తుపాకులున్నాయి. మా శాఖ ఇచ్చిన ఖాకీ చొక్కా నా ఒంటి మీద ఉంది. అది వేసుకోవద్దని నర్సిమ్మ రెండుసార్లు చెప్పాడు. నియమం ప్రకారం వేసుకోవాలని నేను అన్నాను. వాళ్లలో పెద్దవాడు నా కాలరు పట్టుకుని చూశాడు.

"అమీను తమ్మునివా ఏంది?"

అమీను అంటే అక్కడ పోలీసు ఇన్‌స్పెక్టరు. నర్సిమ్మ నెత్తి మీది పెట్టె దించి నింపాదిగా చెప్పాడు. "మా సారు, అన్నా. పట్నంల సదువుకున్నడు. సర్కారు ఇచ్చిన అంగి తొడిగిండు. ఇంకో అంగి లేదాయె పాపం."

ముగ్గురూ నవ్వారు. నాకు ఇంటి దగ్గర నాలుగు చొక్కాలున్నాయి. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

అంతటితో బయటపడదామని నేను చూస్తే నర్సిమ్మ వాళ్లను వదల్లేదు. టీకాలు అయినయా అని అడిగాడు.

"మాకెందుకు టీకా? తూటా తగిలితే సస్తం."

"తగలకపోతే? పోచమ్మ పోసి పండితే గీ రాళ్లల్ల నిన్నెవడు మోస్తడే? ఎత్తు రెట్ట."

ఎత్తారు. ముగ్గురూ. తుపాకులు బండకు ఆనించి, చిన్నపిల్లల్లా మొహం పక్కకు తిప్పుకుని వేయించుకున్నారు. నేను ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. రోగి ఎవరన్నది మా శాఖ అడగదు, మశూచి అసలే అడగదు. కాబట్టి చేసిన పని సరైనదే. అది నాకు తోచి ఉండవలసింది. తోచలేదు.

కొత్తవాళ్లకు చెప్పేది ఇది. ఇలాంటి ఊళ్లకు ఖాకీ వేసుకోకండి. అవసరానికి మించి కట్టు గుడ్డ పెట్టుకోకండి. క్యాంపులో భోజనం చేయకండి. దారిలో ఎవరు కనిపించారని క్యాంపువాళ్లు అడిగితే, రోగులు కనిపించారని చెప్పండి. అది అబద్ధం కాదు.

కురుమవాడ

ఇప్పుడు పొడి మందు వచ్చింది. కొన్నాళ్లు ఎండను తట్టుకుంటుంది. అప్పటి మందు చిక్కటి ద్రవం, వెంట్రుకలాంటి గాజు గొట్టాల్లో వచ్చేది. చల్లగా ఉంటేనే బతుకుతుంది. నల్లగొండ నుంచి బస్సులో రంపపు పొట్టులో కప్పిన ఐసు తెప్పించి ఫ్లాస్కులో వేసి, అందులో ఈ గొట్టాలు పెట్టుకునేవాళ్లం. క్యాంపువాళ్లు ఆ ఫ్లాస్కును బాంబు అనుకుని మూత తీయించి ఎండలో పెట్టిన రోజులున్నాయి. మందు చనిపోయినా చూడటానికి అలాగే ఉంటుంది. వేస్తే గాటు పడుతుంది, రెండు రోజులకు మానిపోతుంది. బొబ్బ లేవదు, మచ్చ పడదు, రక్షణ ఉండదు.

గుట్ట కింద ఒక ఊరు ఉంది. బడిలో పోలీసు క్యాంపు, బడికి అవతల పెద్ద ఊరు, గుట్టకు ఆనుకుని కురుమవాడ. కురుమలు గొర్రెలు కాస్తారు, ఉన్ని తీసి గొంగళ్లు నేస్తారు. గొర్రెల వెంట గుట్టలెక్కుతారు కాబట్టి దళాలకు అన్నం మోస్తున్నారని పోలీసులకు అనుమానం. పోలీసులు అడుగుతారు కాబట్టి కబురు చెప్తారేమోనని దళాలకు అనుమానం. ఆ వాడలో ఎవరూ కొత్తవాడికి తలుపు తీయరు.

నేను వెళ్లి వాడ మధ్య నిలబడి మశూచి ఎలా వస్తుందో, టీకా ఎలా పనిచేస్తుందో వివరంగా చెప్పాను. ఆడవాళ్లు మర్యాదగా విన్నారు. విని లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నారు. తర్వాత నర్సిమ్మ వెళ్లాడు. మొదటి ఇంటి ముందరి గద్దె మీద కూర్చుని అంబలి పోయమన్నాడు. గొర్రెలకు గాలికుంటు తగ్గిందా అన్నాడు. ఎవరి కోడలు పుట్టింటి నుంచి వచ్చిందో అడిగాడు. గంట గడిచింది. రెట్టలు బయటికి వచ్చాయి.

నాకు ఒళ్లు మండింది. నేను చెప్పినదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. ఆయన చెప్పినదాంట్లో టీకా గురించి ఒక్క మాట లేదు.

ఎలాగూ నన్ను రానివ్వరు కాబట్టి పని పంచుకున్నాం. ఫ్లాస్కుతో నేను క్యాంపులోను, పెద్ద ఊళ్లోను వేశాను. సబ్ ఇన్‌స్పెక్టరు తనే ముందు చెయ్యి చాపాడు. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన మనిషి, చదువుకున్నవాడు, తన జవాన్లందరికీ వేయించాడు. నర్సిమ్మ కొన్ని గొట్టాలు తడిగుడ్డలో చుట్టి, నీళ్ల ముంతలో పెట్టుకుని కురుమవాడకు వెళ్లాడు. ముంత నీడలో ఉంచమని, గుడ్డ ఆరనివ్వద్దని, గంటకు మించితే తిరిగి వచ్చి కొత్తవి తీసుకోమని చెప్పాను. సరే సారూ అన్నాడు. మధ్యాహ్నం వాడ చివర ఆయనను చూసినప్పుడు ముంత లేదు. గొట్టాలు అంగీ జేబులో ఉన్నాయి. చివరి ఇంట్లో అంబలి తాగుతున్నాడు. పనైపోయింది సారూ, ఒక్క ఇల్లు మిగల్లేదు అన్నాడు. మొహం వెలిగిపోతోంది. గొట్టాల గురించి కోప్పడ్డాను, నవ్వి ఊరుకున్నాడు.

అదే మధ్యాహ్నం గుట్ట అవతల ఒక జవానును ఎవరో కాల్చారు. భుజానికి తగిలింది, బతికాడు.

బొబ్బ లేని చెయ్యి

వారం తర్వాత టీకాలు పొంగాయో లేదో చూడటానికి మళ్లీ వెళ్లాం. ఊరు నిశ్శబ్దంగా ఉంది. కురుమవాడ చివరి ఇంటి బీరయ్యను పోలీసులు తీసుకెళ్లి రెండు రోజులైందని చెప్పారు. ఆ మధ్యాహ్నమే లారీ వచ్చి నల్లగొండ జైలుకు తీసుకెళ్తుందట.

సబ్ ఇన్‌స్పెక్టరు ఆలోచన నాకు వెంటనే అర్థమైంది. నేనైనా అలాగే ఆలోచించేవాణ్ని. కాల్పులు జరిగిన రోజే ఊరంతా టీకాలు పడ్డాయి. ఆయన రెట్ట మీద బొబ్బ లేచింది. ఆ రోజు ఊళ్లో ఉన్న ప్రతివాడి రెట్ట మీదా అలాంటి గుర్తే ఉండాలి. ఊళ్లోని మగవాళ్లను వరసగా నిలబెట్టి చేతులు చూశాడు. బీరయ్య చెయ్యి నున్నగా ఉంది. నర్సిమ్మన్న వేసిండని బీరయ్య చెప్పాడు. అయితే బొబ్బ ఏదని సబ్ ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఆ ప్రశ్నకు గొర్రెలు కాసుకునే మనిషి దగ్గర జవాబు ఏముంటుంది?

తనిఖీకి వెళ్లినప్పుడు చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాలన్నది నా పద్ధతి. మందు చెడితే ముందు చివరి ఇంట్లోనే తెలుస్తుంది. నర్సిమ్మను వాడ మొదట్లో వదిలేసి నేరుగా బీరయ్య ఇంటికి వెళ్లాను. అతని తల్లి లచ్చవ్వ ఈసారి తలుపు తీసింది. తీసి నా కాళ్ల మీద పడబోయింది.

"నా కొడుకు ఆ దినం గీ గద్దె మీదనే ఉన్నడు సారూ. గొర్లకు పురుగుల మందు రాస్తాండు. గొంతు మీద కత్తి పెట్టినా గదే చెప్త."

ఆమె చెయ్యి చూపించమన్నాను. నున్నగా ఉంది. కోడలు కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఉంది. బీరయ్య పిల్లలిద్దరి చేతులు చూశాను. నున్నగా ఉన్నాయి. పక్కింట్లో ఒకరికి పొంగింది, ఒకరికి లేదు. వాడ మొదటి ఇళ్లలో అందరికీ పొంగింది. ఎండ ఎక్కిన కొద్దీ మందు ఎలా చచ్చిందో ఆ ఇళ్ల వరస చూస్తే తెలుస్తుంది. అంతకంటే రుజువు ఏం కావాలి? లచ్చవ్వ, పసిపిల్లలు తుపాకులు పట్టుకుని గుట్ట ఎక్కలేదు కదా.

నాకు చాలా సంతోషమైంది. బీరయ్య బయటపడతాడు, అది ఒకటి. నర్సిమ్మ చేసిన పని ఏమిటో ఊరంతటికీ తెలుస్తుంది, అది ఇంకొకటి. రెండింటిలో ఏది పెద్దదని అడిగితే ఆ నిమిషంలో నేను చెప్పలేను. క్యాంపుకు నడుస్తూ చెప్పవలసినవి వరసగా పేర్చుకున్నాను. మొదటిది, వేడికి మందు చచ్చిపోతుంది. రెండోది, ఆ మందును ఎండలో జేబులో పెట్టుకు తిరిగింది ఎవరు. మూడోది, ఆ ఇంట్లో నలుగురికీ పొంగలేదు. నర్సిమ్మ పేరు రెండో వాక్యంలో వస్తుంది.

క్యాంపులో

నేను వెళ్లేసరికి నర్సిమ్మ అక్కడ ఉన్నాడు. సబ్ ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. బీరయ్యను బడి వరండా స్తంభానికి కట్టారు. పెదవి పగిలింది.

"తప్పు నాది సార్," అంటున్నాడు నర్సిమ్మ. "ఆయినకు నేనే ఏసిన. ఏసింది సచ్చిన మందు."

"నీ మాట నేనెందుకు నమ్మాలి? వాడు నీ మనిషి."

"అందరు నా మనుషులే సార్. గందుకే ఇంటికో గంట కూసున్న. అంబలి తాగిన. జేబుల మందు ఉడికిపోయింది. మా సారు ముందుగాల్నే చెప్పిండు, నేనే ఇనలే."

నేను వరసగా పేర్చుకున్న మూడింటిలో రెండు అయిపోయాయి. అందులో ముఖ్యమైనది, నా నోటితో చెప్పాలనుకున్నది, ఆయన నా కంటే బాగా, నా కంటే ముందు చెప్పేశాడు. పైగా నన్ను మెచ్చుకున్నాడు.

సబ్ ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, మందు చచ్చిపోతుందా?"

"చచ్చిపోతుందండి."

"ఊరికే నవ్వు మొహం పెట్టి వచ్చి చెబితే వదిలేయమంటావా? రుజువేదీ?"

అక్కడ నా పని మిగిలింది. తల్లి, పిల్లల చేతులు చూడమని చెప్పాను. ఇళ్ల వరస చెప్పాను. ఆయన జవానును పంపి లచ్చవ్వను, పిల్లలను పిలిపించాడు. ఒక్కొక్క చెయ్యి పట్టుకుని, తన చెయ్యి పక్కన పెట్టుకుని చూశాడు. పక్కింటివాళ్లను కూడా రప్పించాడు. తొందరపడలేదు. ఆ మనిషి మీద ఎంత కోపమున్నా ఆ ఒక్కటి ఒప్పుకోవాలి, చూసినదాన్ని చూడనట్టు నటించలేదు.

ఆ సేపంతా నాకు ఇంకొక సంగతి గుర్తుకొస్తూనే ఉంది. గుట్ట మీద ముగ్గురి రెట్టల మీద నర్సిమ్మ వేసిన వంకర మచ్చలున్నాయి. గుర్తు ఉన్నవాడు ఊళ్లో ఉన్నాడని, లేనివాడు అడవిలో ఉన్నాడని అనుకోవడం ఎంత తప్పో మా ఇద్దరికే తెలుసు. నోరు విప్పే వీలు లేదు. నర్సిమ్మ ఒక్కసారి నా వైపు చూసి నేల చూశాడు.

చివరికి సబ్ ఇన్‌స్పెక్టరు తాడు విప్పమన్నాడు. విప్పుతుండగా నర్సిమ్మతో, "నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?" అన్నాడు.

"పోతే గొర్లు కాస్త సార్. బీరన్న నేర్పుతడు."

"నీతోని కాదు," అన్నాడు బీరయ్య పగిలిన పెదవితోనే. "గొర్ల కాడ గంట కూసుంటే మంద పక్కూరికి పోతది."

జవాన్లు నవ్వారు. తల్లి ఏడుస్తూ నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండటం ఎలాగో తెలియక.

ఎవరికేం దక్కింది

కురుమవాడకు తిరిగి వెళ్లాం. వాడంతా బయటికి వచ్చింది. లచ్చవ్వ నర్సిమ్మ తల రెండు చేతులతో పట్టుకుని, "నా కొడుకును తెచ్చినవు బిడ్డా," అంది. కొత్త గొంగడి తెచ్చి ఆయన భుజాన కప్పారు. నల్లటిది, అంచు తెల్లటిది, వారం కిందటే మగ్గం దిగిందట. నాకు మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ బాగుంది.

లెక్క సరిగా చూద్దాం. రుజువు చూపింది నేను. ఆ మనిషి స్తంభానికి కట్టబడటానికి కారణం నర్సిమ్మ అంబలి. ఆ వారంలో మశూచి వచ్చి ఉంటే ఆ ఇంట్లో నలుగురూ పడి ఉండేవారు. సబ్ ఇన్‌స్పెక్టరుకు నచ్చచెప్పినట్టు మశూచికి ఎవరూ నచ్చచెప్పలేరు. ఇదంతా నిజం. నర్సిమ్మ కూడా కాదనడు. కానీ ఆయన ఆ మాట చెప్పడానికి నా కోసం ఆగలేదు. ఉద్యోగం పోతుందని తెలిసి వెళ్లాడు. నేను వెళ్లినప్పుడు నాకు పోయేది ఏమీ లేదు. ఆ తేడా వాడలో ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే పట్టేశారు.

ఆ పూటే చివరి ఇంటికి మళ్లీ టీకాలు వేశాను. ఫ్లాస్కు నీడలో పెట్టి, ఒక్కొక్క గొట్టం అప్పటికప్పుడు తీసి వేశాను. బీరయ్య మణికట్టు తాడు ఒరుసుకుని వాచి ఉంది. నర్సిమ్మ పక్కన కూర్చుని అతని మోచెయ్యి పట్టుకుని, పెండ్లానికి భయపడేటోనివి సూదికి భయపడతవా అని ఏదో అంటూనే ఉన్నాడు. బీరయ్య ఆయన మొహమే చూస్తున్నాడు. నేను నాలుగు గాట్లు పెట్టాను, చతురస్రంలా, మధ్య బొటనవేలు వెడల్పు వదిలి. శిక్షణలో నేర్పినట్టే.

నర్సిమ్మను కొన్ని నెలలు ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. తర్వాత తీసుకున్నారు. మరుసటి వేసవి ఆ వైపు మశూచి వచ్చింది. పెద్ద ఊళ్లో టీకా వేయించుకోని ఇళ్ల గుమ్మాలకు వేపమండలు కట్టారు. కురుమవాడ చివరి ఇంటికి కట్టవలసిన పని రాలేదు.

ఆ తర్వాత మేము పని చేసిన పద్ధతి మీకూ చెప్తున్నాను, ఎందుకంటే ఇది పనిచేస్తుంది. జంటగా వెళ్లండి. ఒకరు కూర్చోవాలి, ఒకరు మందు కాపాడాలి. నర్సిమ్మ గద్దె మీద కూర్చునేవాడు. నేను దూరంగా ఏ పందిరి నీడలోనో ఫ్లాస్కు పట్టుకుని నిలబడేవాణ్ని. ఆయన "రా సారూ" అని పిలిస్తే వెళ్లేవాణ్ని. పదేళ్లకు పైగా అలా పిలిపించుకున్నాను. ఏ ఇంట్లోనూ ఎవరూ నన్ను ముందుగా పిలవలేదు. ఇద్దరిలో మీకు కూర్చోవడం చేతకాకపోతే నిలబడటం నేర్చుకోండి. చేతనైతే గొట్టాలు మాత్రం జేబులో పెట్టుకోకండి.

ఇంకొకటి. టీకా వేయడానికి ముందే క్యాంపు అధికారి దగ్గరికి వెళ్లి, కొందరికి పొంగదు, దాన్ని దేనికీ సాక్ష్యంగా తీసుకోవద్దని చెప్పండి. నేను ఆ తర్వాత ప్రతి క్యాంపులోనూ చెప్పాను. కొందరు విన్నారు.

నిరుడు యాదగిరిగుట్ట కింద బస్సు కోసం నిలబడి ఉంటే ఒక మనిషి వచ్చి దండం పెట్టాడు. జుట్టు నెరిసింది. వెనక భార్య, ఎదిగిన పిల్లలు. పెదవి మీది గీత చూసి గుర్తుపట్టాను.

"నర్సిమ్మన్న ఎంబడి ఉండె సారు గదా మీరు," అన్నాడు బీరయ్య. నర్సిమ్మన్న మంచిగున్నడా, గొంగడి ఇంకా కప్పుకుంటున్నడా అని అడిగాడు. కప్పుకుంటున్నాడని చెప్పాను. తర్వాత పిల్లలకు చెప్పడానికన్నట్టు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"సూడు సారూ. నర్సిమ్మన్న ఏసిన టీకా. పోచమ్మ మా గడప తొక్కలే."

నాలుగు మచ్చలు. చతురస్రంలా, మధ్య బొటనవేలు వెడల్పు. స్పర్శ ఉన్న వేలితో ఒకసారి తడిమి చూశాను.

"మంచిగ ఏసిండు," అన్నాను.